పులుసు దాకలో సరుగుడు చెట్టు

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు వరండాలో పాత పేపరు పరుచుకుని, దాని మీద జానెడెత్తు చెట్టునొకదాన్ని కూర్చోబెట్టి, ఒక చేత్తో చిన్న కత్తెర, ఇంకో చేత్తో రాగి తీగ పట్టుకుని, ఎదురుగా చెంబుకు ఆనించిన సెల్‌ఫోనులో ఎవరో చెప్పే మాటలు వింటూ, మంగలి పని నేర్చుకుంటున్నవాడు మొదటి తల దొరకబుచ్చుకున్నట్టు అటొక కొమ్మ ఇటొక కొమ్మ కత్తిరిస్తూ కనిపించింది. అది జునిపర్ అట, చలిదేశాల చెట్టట, దాన్ని బోన్సాయ్‌గా తీర్చిదిద్దడం కొత్తగా నేర్చుకుంటోందట. నెల్లూరు ఎండలకు ఆ చలిదేశం బిడ్డ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో దేవుడికే తెలియాలి గానీ, నేను కుర్చీ లాక్కుని కూర్చుని, కింది కొమ్మ తియ్యొద్దనీ, తీగ అంత బిగిస్తే బెరడులోకి దిగిపోతుందనీ రెండు ముక్కలు చెప్పేసరికి, ఆ పిల్ల ఫోను ఆపేసి నా వంక వింతగా చూసింది. ఇవన్నీ నాకెలా తెలుసునని దాని ఆశ్చర్యం. తెలియక ఏం? బోన్సాయ్ అన్న మాట మా వైపు ఎవరూ విని ఉండని రోజుల్లో, ఒక చెట్టును ఎదగనివ్వకుండా చెయ్యబోయి ఊరందరి నోళ్ళలో నానినవాణ్ణి నేను. మనవరాలికి సగమే చెప్పాను, మిగతా సగం నా ఈడువాళ్ళకే బాగా అర్థమవుతుందని ఇలా రాస్తున్నాను.

మా ఊరు కృష్ణపట్నానికి కాస్త ఎగువన, సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇసుకలో ఉండేది. వరి పండని నేల కాబట్టి సరుగుడు తోపులే మా పంట. మా నాయన ఆ తోపుల్లో మేస్త్రీ. కొయ్యలు కొట్టించడం, సైజుల వారీగా కట్టలు కట్టించడం, కాలువ రేవులో పడవలకెక్కించి మద్రాసుకు పంపడం ఆయన పని. ఆ పనిలోనే జుట్టు నెరిసినందువల్ల ఆయనకు ఈ లోకంలో ఉన్నవన్నీ రెండే రకాలుగా కనిపించేవి. నిటారుగా ఉన్నవి పందిళ్ళకు, వంకరగా ఉన్నవి పొయ్యిలోకి. కన్న పిల్లల్ని కూడా ఆయన ఆ లెక్కనే చూసేవాడని నా అనుమానం. నేను ఏ రకమో ఎప్పుడూ బయటపడి చెప్పలేదు గానీ, తోపుల పని నాకొద్దు, డ్రాయింగు మాస్టరు ట్రైనింగుకు పోతానని చెప్పిన రోజు ఆయన నన్ను చూసిన చూపులో నాకు పొయ్యి స్పష్టంగా కనిపించింది.

ట్రైనింగు అయింది, మా ఊరికి రెండు మైళ్ళ దూరంలోని మిషను బడిలో డ్రాయింగుకూ చేతిపనులకూ కలిపి ఒక మాస్టరుగా చేరాను. ఇది అరవైల మొదట్లో మాట. అయితే ఆ ఉద్యోగం టెంపరరీ. బడికి ఇలాంటి మాస్టరు అసలు అవసరమా కాదా అన్నది ఏడాది తర్వాత ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, పిల్లల పనుల ప్రదర్శన చూసి తేల్చాలి. ఆయన అవసరమని రాస్తే నా ఉద్యోగం ఖాయం, లేదంటే మళ్ళీ నాయన వెనకాల తోపులోకి. దీనికి తోడు మా మేనమామ, తన కూతుర్ని నాకిస్తానని ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ అంటున్న పెద్దమనిషి, ఉన్నట్టుండి మాట కొద్దిగా సవరించి, ఉద్యోగం ఖాయమయ్యాకే ముహూర్తం సంగతి అన్నాడు. కాబట్టి ఆ ఏడు నేను ఏ పని చేసినా, అన్నం తింటున్నా, సైకిలు తొక్కుతున్నా, నా కళ్ళ ముందు ఇన్‌స్పెక్టరు గారే ఉండేవారు.

బడి పెద్ద ఒక దొరసాని. మంచి మనిషి. తన దేశం నుంచి వచ్చే పత్రికలు చదివేసి, కాగితపు పూలు చేయించడానికి నాకిచ్చేది. నేను చేరిన కొత్తలోనే ఒకసారి అలా ఇస్తూ ఒక పేజీ తెరిచి చూపించింది. వెడల్పాటి పళ్ళెంలో ముసలి చెట్టు, మొదలు మెలికలు తిరిగి, ఒక పక్క కొమ్మ ఎండి తెల్లబారి, ఎత్తు మాత్రం మూరెడు. జునిపర్ అని కింద రాసి ఉంది. దానికి వందల ఏళ్ళట. దొరసాని ఆ బొమ్మను చూస్తూ ఎంతగానో మురిసిపోతుంటే, కుర్రతనం ఊరుకోదు కదా, ఇదెంత పని అమ్మగారూ, ప్రదర్శన నాటికి నేనొకటి చేసి పెడతానని అనేశాను. ఆమె ఆ మాటను నిజమని నమ్మి, ప్రదర్శనలో పెట్టబోయే వస్తువుల జాబితాలో అన్నిటికన్నా పైన దాన్నే రాసి ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పంపేసింది. నోరు జారితే ఏమవుతుందో పిల్లలకు నీతిపాఠాల్లో చెప్పినవాణ్ణి నేనే.

చెట్టు ఎలా చెయ్యాలో ఆ వ్యాసంలో వివరంగానే ఉన్నట్టుంది. ఉన్నట్టుంది అని ఎందుకంటున్నానంటే, తక్కిన భాగం తర్వాతి పేజీలో అని ఉంది, తర్వాతి పేజీ లేదు. చదవడానికి తీరిక చేసుకునే లోపే, చూసుకోకుండా దాన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చేమంతి పూలు చెయ్యడానికని నేనే నిలువునా కత్తిరించి పంచిపెట్టాను. పూలన్నీ వెతికి, రేకలు విప్పి, ఇస్త్రీ చేసి అతికించి చూస్తే, వేళ్ళు కత్తిరించాలి, తీగ చుట్టి కొమ్మలు వంచాలి, లోతు లేని పళ్ళెంలో నాటాలి అన్నంత వరకూ తేలింది. తిండి సంగతి ఏ చేమంతిలో పోయిందో దొరకలేదు. దొరకకపోతేనేం, నాకు బుర్ర లేదా? ఎవడైనా ఎదగకుండా ఎందుకుంటాడు? తిండి లేక. కాబట్టి చెట్టును పస్తు పెట్టాలని నాకు నేనే తీర్మానించుకున్నాను. రోజుకు ఒక గ్లాసు మంచినీళ్ళు, అంతకు మించి పేడ గానీ, పిండి గానీ, ఏదీ లేదు.

జునిపర్ మా ఇసుకలో ఎక్కడ దొరుకుతుంది? కానీ సరుగుడుకూ దానికీ పోలిక ఉందనిపించింది, అదీ సన్నటి ఆకే, ఇదీ సన్నటి ఆకే. సముద్రానికి అతి దగ్గర వరసలో, ఉప్పుగాలికి వంగిపోయి, మేకలు కొరికి కొరికి మోకాలెత్తు దాటనివ్వని మొక్కలు కొన్ని ఉండేవి, వాటిని నాయన ఎప్పుడో వదిలేశాడు. అందులో మొదలు బొటనవేలంత లావున్న దాన్ని ఒకటి తవ్వి తెచ్చాను. ఇక పళ్ళెం. మా అమ్మ చేపల పులుసు కాచే మట్టిదాక వెడల్పుగా, లోతు తక్కువగా, బొమ్మలోని పళ్ళేనికి అన్న వరసయ్యేలా ఉంది. అమ్మ రేవుకు చేపలకని పోయిన సమయం చూసి దాని అడుగున మేకుతో బెజ్జం కొట్టేశాను. పదేళ్ళుగా పులుసు పీల్చి నల్లబడ్డ దాక అది. కొత్త దాకలో పులుసుకు ఆ రుచి రావాలంటే మళ్ళీ పదేళ్ళు పడుతుందని అమ్మ మూడు రోజులు మనిషి పోయినట్టు బాధపడింది. నాయన మాత్రం చెట్టును చూశాడు, నన్ను చూశాడు, బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. జీవితమంతా వంకర కొయ్యను ఏరి పారేసిన మనిషి ఇంట్లో, కొడుకు పనిగట్టుకుని వంకరది తెచ్చి పీట వేసి కూర్చోబెడితే ఏమంటాడు పాపం.

తీగ చుట్టడం తెలియక మొదటి కొమ్మను ఆ రోజే విరిచేశాను. విరిగిన కొమ్మ ఎండిపోయాక, బొమ్మలో ఎండు కొమ్మ తెల్లగా ఉంది కదా అని దానికి సున్నం పూశాను. తక్కిన కొమ్మలకు ఇనప తీగ చుట్టి, తాళ్ళతో దాక అంచులకు లాగి కట్టాను. పక్కింటి పెద్దమ్మ ఆ అవతారాన్ని చూసి, ఎముకలు విరిగిన బిడ్డను చూసినట్టు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఏందిరా అబ్బయా, దీనికి పుత్తూరు కట్టు కట్టించినావా?" అంది. ఆ పేరు ఊరంతా పాకి, మా ఇల్లు కొన్నాళ్ళు కట్టు చెట్టు వాళ్ళ ఇల్లయింది. అంతటితో పోతే బాగుండేది. ఎదగని వస్తువు ఇంట్లో ఉంటే ఇల్లు ఎదగదని కూడా పెద్దమ్మే అమ్మ చెవిన వేసింది. మేము మూడు తరాల నుంచి క్రీస్తు గుడికి పోయే వాళ్ళమైనా ఇలాంటి మాటలకు మా అమ్మ మనసులో ఒక మూల చోటు ఉండేది. వెంటనే వెళ్ళి మా సంఘం పాస్టరు అయ్యగారిని ఇంటి ప్రార్థనకు పిలుచుకు వచ్చింది.

అయ్యగారిది సముద్రం అవతలికి వినిపించే గొంతు. ఆయన కళ్ళు మూసుకుని, దాక మీద చెయ్యి చాపి, ఈ ఇంట ఉన్న ప్రతి ప్రాణీ దినదినమూ ఎదగాలనీ, కొమ్మలు విస్తరించాలనీ, ఆకాశాన్ని అంటాలనీ పావుగంట సేపు వేడుకున్నారు. చెట్టు ఆకాశాన్ని అంటితే నా ఉద్యోగం నేలను అంటుతుంది. అయినా అందరూ ఆమేన్ అంటుంటే నేనొక్కణ్ణే ఊరుకోలేను కదా, గొంతు బాగా తగ్గించి అన్నాను. దేవుడికి వినబడలేదని కొన్నాళ్ళు ధైర్యంగా ఉన్నాను కూడా.

వినబడినట్టే ఉంది. నెల తిరిగేసరికి పస్తులున్న చెట్టు గుప్పున చిగిర్చింది. నేను కత్తిరించాను. మళ్ళీ చిగిర్చింది, ముందటికన్నా ముదురు పచ్చగా. గ్లాసు నీళ్ళను అర గ్లాసు చేశాను. మొదలు లావెక్కింది. తోపులో నాయన పెంచే మొక్కలు కూడా అంత కళగా లేవు. నేను శనివారం కత్తెర వేస్తే బుధవారానికి ఆ కత్తిరించిన చోట రెండు పిలకలు లేచేవి. ఇంత పట్టుదల గల చెట్టును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ప్రార్థన కాస్త వెనక్కి తీసుకోమని అయ్యగారిని అడుగుదామా అని కూడా ఒకసారి ఆలోచించాను, ఆయన ముఖం గుర్తొచ్చి మానుకున్నాను. ఇంకో వింత, చుట్టుపక్కల పిల్లులన్నీ నేను బడి నుంచి వచ్చే వేళకు ఆ దాక చుట్టూ చేరి కూర్చుని ఉండేవి. నా పనితనాన్ని ముందుగా గుర్తించింది ఆ మూగజీవాలేనని మురిసిపోయి వాటి బొమ్మ కూడా వేశాను. చదువుకున్న మూర్ఖుడికి పిల్లి ఎందుకు కూర్చుందో ఎవరు చెప్పగలరు?

అలా ఏడాది గడిచింది. నేను కొయ్యడం, అది చిగిర్చడం, మా ఇద్దరి పోరులో దానికి బొమ్మలోని ముసలి చెట్టు రూపం నిజంగానే వచ్చింది. మొదలు నా మణికట్టంత, మెలిక తిరిగి, కొమ్మలు సముద్రపు గాలికి ఒక పక్కకే వాలినట్టు. ప్రదర్శన రోజున దాన్ని తెల్లటి దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టి, నా చేతిరాతతో ఒక అట్ట కూడా పెట్టాను. ఎరువు లేకుండా, కేవలం పస్తులతో తీర్చిదిద్దిన వృక్షం అని. ఊళ్ళ నుంచి తల్లిదండ్రులు వచ్చారు. మా అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చి, వెనక గోడ పక్కన నిలబడింది. నాయన రాలేదు.

ఇన్‌స్పెక్టరు గారు కోవూరు వైపు వరి రైతుల కుటుంబంలో పుట్టిన మనిషి. ఎంబ్రాయిడరీలనూ కాగితపు పూలనూ ఊఁ అంటూ దాటేసి, చెట్టు దగ్గర ఆగారు. చాలాసేపు చూశారు. దొరసాని ముఖం వెలిగిపోతోంది. ఆయన అట్ట చదివి, ఎరువు ఏమీ వెయ్యలేదా అని అడిగితే, అదే దీని రహస్యం సార్ అని నేను కంఠం సవరించుకుని ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆయన వింటూనే వేలు మట్టిలోకి గుచ్చి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆ వేలు నా ముందుకు చాపారు. కొన మీద చేప పొలుసు ఒకటి, ఎండకు మెరుస్తూ.

"పస్తున్న చెట్టు ఇంత పచ్చగా ఉండదు మాస్టారూ. కోవూరోడికి ఆకు రంగు మీరు చెప్పాల్నా? లోపల చేప ఎరువేసి, పైన పస్తని రాసిపెట్టినారు. పిల్లోళ్ళకు కూడా ఇట్టాంటి అబద్ధాలేనా నేర్పించేది?"

చెట్టు బాగుందా లేదా అన్నది కాదిప్పుడు, మాస్టరు అబద్ధాలకోరా కాదా అన్నదయింది. దొరసాని ఏమీ అర్థంకాక నా వంకే చూస్తోంది. నిజంగానే నాకు తెలియదని చెప్పినా ఎవరు నమ్ముతారు? అంతలో వెనక గోడ దగ్గర్నుంచి జనాన్ని తోసుకుంటూ మా అమ్మ వచ్చింది. దొరల ముందు, ఆఫీసర్ల ముందు ఏనాడూ నోరు విప్పని మనిషి, కొంగు రెండు చేతులతో పిసుక్కుంటూ బల్ల ముందు నిలబడింది.

"అయ్యా, మా వోడు అబద్ధమాడలా. వాడికి తెల్దు సామీ. వాడు బడికి పోంగానే నేనే పోస్తా ఉండాను. చేపలు కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు, అంబలి మిగిలితే అంబలి. ఇంట్లో ఒక నోరు పస్తుంటే నాకు ముద్ద దిగదు. చిన్నప్పుడు నేను పస్తులున్నదాన్నయ్యా, అదెట్టుంటాదో నాకు తెలుసు. తప్పు నాది. వాడి ఉద్యోగం తియ్యబాకండి."

ఆ మాటతో ఆమె ఏడ్చేసింది. ఏడాది పాటు కొడుకు పస్తు పెట్టిన చెట్టుకు దొంగతనంగా అన్నం పెట్టి, దానివల్ల కొడుకు కూడే పోయిందని ఆమె భయం. ఇన్‌స్పెక్టరు గారు వేలు రుమాలుతో తుడుచుకుని, నన్నూ అమ్మనూ చెట్టునూ మార్చి మార్చి చూసి, ఆపుకోలేక నవ్వేశారు. ఆయన నవ్వితే బడంతా నవ్వింది, సంగతి తర్జుమా చేయించుకుని దొరసాని అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా ఎక్కువగా నవ్వింది. నేను పస్తు పెట్టినట్టే ఉండి ఉంటే రెండో నెలలోనే ఎండి చచ్చేదని ఆయన అప్పుడు చెప్పారు. వేళ్ళు కత్తిరించి, కొమ్మలు కోసి, ఇన్ని బాధలు పెట్టిన చెట్టుకు అందరికన్నా ఎక్కువ తిండి కావాలట. "పెంచింది మీ అమ్మ, వంచింది మీరు. ఏ పనైనా ఇద్దరూ లేకుంటే కాదులే మాస్టారూ" అని వెళ్ళిపోయారు. ఆ ఎండాకాలంలో ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. మేనమామ తానెప్పుడూ అనుమానించనే లేదన్నట్టు ముహూర్తం పెట్టించాడు.

నేను అమ్మకు కృతజ్ఞత చెప్పానని మీరనుకుంటున్నారేమో. లేదు. పదిమందిలో పరువు పోయిందని ఆ రోజు ఆమెకన్నా ముందు సైకిలేసుకుని ఇంటికి వచ్చేశాను, ఆమె రెండు మైళ్ళూ నడిచి వచ్చింది. పెళ్ళయ్యాక నన్ను దొరవారిసత్రం వైపు బడికి మార్చారు. చెట్టును బస్సులో మోసుకుపోలేక, ఎప్పుడెంత కొయ్యాలో, ఎంత పొయ్యాలో కాగితం మీద రాసి, చదవడం రాని అమ్మకే ఇచ్చి పోయాను. వేసవి సెలవులకు వచ్చి చూస్తే దాక ఖాళీగా బోర్లించి ఉంది. చెట్టు వంటింటి తూము పక్కన నేలలో దిగి, తీగలన్నీ వదిలించుకుని, మా తాటాకు కప్పు దాటి పైకి పోయింది. "నువ్వు లేవు గదరా వొంచేదానికి, నేను పెంచేదొకటే తెలిసినదాన్ని" అంది అమ్మ, సంతోషంగా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న నాలుగు రోజుల్లో రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఒక చెట్టు కోసం. నాయన మాత్రం దాని మొదట్లోని మెలికను చేత్తో తడిమి, ఇది పందిరికీ కాదు, పొయ్యికీ కాదని తీర్పు చెప్పి, తాను ఉన్నన్నాళ్ళూ దాని మీద గొడ్డలి పడనివ్వలేదు.

ఇప్పుడు అక్కడ ఊరూ లేదు, తోపూ లేదు. ఓడరేవుకు పోయే పెద్ద రోడ్డుంది, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలున్నాయి, కాలువలో పడవ తిరగ్గా చూసినవాళ్ళు మేం కొద్దిమందిమే మిగిలాం. అవన్నీ పోవలసినవే పోయాయని సరిపెట్టుకోగలను. సరిపెట్టుకోలేనిది ఒకటే. ఆ కాలంలో వద్దన్న మాటను ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. చుట్టం వద్దంటే వడ్డించేవాళ్ళు, బిడ్డ వద్దంటే కొసరి పెట్టేవాళ్ళు, చెట్టుకు వద్దంటే చాటుగా పోసేవాళ్ళు. ఇప్పుడు మా ఇంట్లో అందరూ నన్ను ప్రాణంగా చూసుకుంటారు, నా మాటంటే ఎంతో గౌరవం. ఇక చాలమ్మా అంటే మా కోడలు మంచిది మామయ్యా అని గిన్నె మూత పెట్టేస్తుంది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు, నేను చెప్పిందే చేస్తుంది. నేనే, చాలని చెప్పిన తర్వాత కూడా, చెయ్యి కడుక్కోకుండా కాసేపు అలాగే కూర్చుంటాను.